మామ్మ కొమ్ము దువ్వెన, పిన్ని గిటారు

మా చిన్నప్పుడు... కోటబొమ్మాళిలో మా ఇంట్లో ఒళ్ళో పడుకోబెట్టి వాయించే గిటారొకటి ఉండేది. బరంపురం నుంచి కొత్తకోడలిగా వచ్చిన మా పిన్నిది. వాళ్ళ నాన్న కుర్రతనం నుంచీ వాయించుకున్న హవాయిన్ గిటారు... పెళ్ళప్పుడు కూతురి చేతిలో పెట్టేశారాయన. తీగల మీద స్టీలు కడ్డీ జారుస్తూ పిన్ని వాయిస్తుంటే ముందువైపు మా కిరాణా కొట్లో బేరాలు కూడా నెమ్మదించేవి.

ఒకరోజు పిన్ని బజారుకెళ్ళినప్పుడు మా చిన్నాన్నకి పెళ్ళాం మీద జాలి పుట్టుకొచ్చింది. తీగలు అంతెత్తున ఉన్నాయి, పాపం వేళ్ళు నొప్పెట్టవూ... అనుకుని, మెడ దగ్గర తీగల్ని ఎత్తిపట్టే నట్ అనే సన్నపట్టీని ఆకురాయితో అరగదీసి పారేశాడు! ఈ రకం గిటారుకి తీగలు ఎత్తుగానే ఉండాలని ఆయనకేం తెలుసు? పిన్ని వచ్చి కడ్డీ పెడితే... గరగర, టకటక. కడ్డీ వెళ్ళి చెక్కకి కొట్టుకుంటోంది.

మర్నాడే వాళ్ళ నాన్న వస్తున్నారు. పిన్ని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "గిటారు మూలన పడుంటే, నేనిక్కడ సుకంగా లేననుకుంటారు మా నాన్న..."

ఈ పట్టీ ఎముకతో చేస్తారని ఆమె అనగానే మామ్మ, అంటే మా నాయనమ్మ, గయ్యిమంది.

"మడి కట్టుకునే కొంపలోకి ఎముకేటే!"

కాసేపటికి తనే లోపల్నుంచి పర్లాకిమిడి కొమ్ము దువ్వెన తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది. "ఇది పనికొస్తాదేటో సూడు." ఎవర్నీ ముట్టనివ్వని సొంత దువ్వెన అది. ఆ కొమ్ము గేదెదేనని గుర్తుచేసే ధైర్యం మాలో ఎవరికుంది!

చిన్నాన్న దువ్వెన వెన్ను కోసి, నున్నగా అరగదీసి, తీగలకి గాట్లు పెట్టాడు. ఈసారి పిన్ని పక్కనే కాపలా కూర్చుంది. గరగర పోయింది గానీ శృతి కుదరదే... మర తిప్పితే తీగ కదలదు, ఇంకాస్త తిప్పితే టింగుమని పైకెగిరిపోతుంది. గాట్లలో తీగ పట్టేస్తోందని పిన్నే కనిపెట్టింది. నా పెన్సిలు లాక్కుని, చెక్కి, ఆ నల్లపొడి గాట్లలో రాసింది. తీగలు బుద్ధిగా దారికొచ్చాయి.

మర్నాడు వాళ్ళ నాన్న వస్తూనే, కాఫీ కూడా తాగకుండా, గిటారు ఒళ్ళో పెట్టుకున్నారు. కొత్తపట్టీ మీద వేలు ఆగింది. "ఇదేటమ్మా, నల్లగున్నాది?"

పిన్ని నోరు విప్పేలోపే వంటింట్లోంచి మామ్మ కేక... "నా దువ్వెనండీ అన్నయ్యగారూ! మీ అల్లుడు సేసిన ఘనకార్యానికి నాకు దువ్వెన నేకుండా పోనాది!"

ఇల్లంతా నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు... కళ్ళు తుడుచుకుని, "వాయించమ్మా" అని గిటారు కూతురికిచ్చారు.

సాయంత్రం రైలెక్కుతూ మా నాన్నతో అన్నారట... "మా అమ్మాయి ఎలాగున్నాదోనని దిగులెట్టుకుని వచ్చాను బాబూ. ఇంక అడగక్కర్లేదు."

ఇప్పుడు ఏ విడిభాగం కావాలన్నా ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వచ్చేస్తోంది... మంచిదే. కోడలి పాట ఆగిపోతుందని సొంత దువ్వెన ఇచ్చేసే కోపిష్టి అత్తగార్లని మాత్రం ఈమధ్య నేను చూళ్ళేదు. మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉండేవారా? ఉంటే కాస్త చెప్పండి... వినాలనుంది.