మూడో పాటలో చిటుకు

డెల్ఫియా క్రాబ్‌ట్రీకి అందం ఇచ్చేటప్పుడు దేవుడు కాస్త చెయ్యి బిగించాడు గానీ, చెవులు ఇచ్చేటప్పుడు మాత్రం లెక్క చూసుకోలేదు. నాష్‌విల్ ఊరి చివర ఉన్న రికార్డుల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా ఆవిడ పని ఒక్కటే, వినడం. కొత్త అచ్చు బిగించి తీసిన మొదటి రికార్డు మెట్లెక్కి ఆవిడ గదికి వస్తుంది. ఒక కుర్చీ, ఒక ప్లేయరు, ఒక ఎర్ర పెన్సిలు, అదే గది. ఆవిడ సరే అంటే కింద యంత్రాలు కదులుతాయి. కాదంటే ముప్పైమంది మగవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు.

"కట్టుకున్నవాణ్ణి కూడా నేనలా నిలబెట్టలేకపోయానే తల్లీ!" అని ప్యాకింగులో పనిచేసే మొడీనా కుళ్ళుకునేది.

ఆ చెవులు కొండల్లోంచి వచ్చాయి. డెల్ఫియా పుట్టిన లోయలో చర్చికి కూడా వాయిద్యం ఉండేది కాదు. వాళ్ళమ్మ వసారాలో కూర్చుని పాడితే ఎదురు కొండ మీద వాళ్ళు వంత పాడేవారు. అవతలి లోయలో రైలు కూత విని, సాయంత్రానికి వాన వస్తుందో రాదో తొమ్మిదేళ్ళ డెల్ఫియా చెప్పేసేది. అలాంటి పిల్ల పెద్దదై, పెళ్ళై, పట్నానికొచ్చి పాటల మధ్య ఉద్యోగం సంపాదించిందంటే తేనెపట్టులో పడ్డట్టే అనుకుంటాం. కానీ అక్కడే ఉంది అసలు సంగతి. గీతలు, బుడగలు, గరగరలు వెతికి వెతికి ఆవిడకి పాట వినడమే పోయింది. కొత్త పాట ఎలా ఉందని మొడీనా అడిగితే, "రెండో వైపు మొదట్లో చిన్న గీత ఉంది" అనేది. అదేమీ గొప్ప కోసం కాదు, నిజంగా ఆవిడకి వినబడింది అదే.

అరవై ఏడో సంవత్సరం జూన్ చివర్లో ఓపల్ టిడ్వెల్ ఆల్బం వచ్చింది. పేరు 'సోమవారం ఉతుకు'. ఓపల్ కూడా ఆ కొండల మనిషే. పదిహేనేళ్ళు సారా కొట్లలో పాడి పాడి, నలభై దాటాక ఇప్పుడిప్పుడే నలుగురి నోళ్ళలో పడుతోంది. ఆ పాటలన్నీ ఇంటి ఆడవాళ్ళ పాటలు. బట్టలుతికే ఆవిడ, రాని మొగుడి కోసం అన్నం మూతపెట్టి కూర్చున్న ఆవిడ, ఇక రాడని తెలిసి ఆ అన్నం తనే తినేసిన ఆవిడ. ఆ తర్వాత మా ఊళ్ళలో ఆ రికార్డు లేని ఇల్లు లేదు. అప్పటికి మాత్రం అది డెల్ఫియా గదికి శుక్రవారం వచ్చిన ఇంకో పని, అంతే.

మూడో పాటలో ఒక్క గిటారు, ఒక్క గొంతు. దాని కింద ఎక్కడో సన్నగా చిటుక్ మంది. కాసేపాగి మళ్ళీ చిటుక్ మంది. డెల్ఫియా కాదని ఎర్ర పెన్సిలుతో కొట్టేసింది.

ఫోర్‌మన్ విండల్ స్టాలింగ్స్ అచ్చు మార్పించి ఇంకో రికార్డు తెచ్చాడు. అదే పాటలో, అదే చోట చిటుకు. మూడో అచ్చు వేయించాడు. అదీ అంతే. విండల్ చెవి ప్లేయరుకి ఆనించి విన్నాడు. మొడీనాని పిలిచి వినిపించాడు. ఎవరికీ ఏమీ వినబడలేదు.

"మిస్ డెల్ఫియా, మూడు అచ్చుల్లోనూ ఒకే చోట తప్పుంటుందా? మీరే చెప్పండి" అన్నాడు విండల్. మంచివాడే పాపం, పెద్దావిణ్ణి అక్కడి మర్యాద ప్రకారం మిస్ అంటూనే, నీళ్ళు నములుతూ అన్నాడు. "సోమవారం పొద్దున అచ్చు వేసి తీరాలి. ఈ రెండ్రోజులూ చెవులకి విశ్రాంతివ్వండి. అప్పటికీ వినబడితే... కింద ప్యాకింగులో కూర్చుందురు గాని. మొడీనా తోడుంటుంది. మీ బదులు ఇక్కడికి కింద పనిచేసే లవోన్‌ని పంపిస్తాను."

"లవోన్‌కి భోజనాల గంటే వినబడదు బాబూ!"

"ఆ అమ్మాయికి లేని చప్పుళ్ళు కూడా వినబడవు కదండీ" అన్నాడు విండల్.

ఆ మాట డెల్ఫియా గుండెలో దిగబడింది. యాభై నాలుగేళ్ళొచ్చాయి. చెవులే మోసం చేస్తే తన దగ్గర ఇంకేముంది? తను కాదన్న రికార్డుల్లో ఒకటి చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళింది. దారిపొడవునా ప్రతి చప్పుడునీ, ఇది నిజమా, నా భ్రమా అని అనుమానంగా వింది.

శనివారమంతా ఆ పాటే వింది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇక విసిగిపోయి, ప్లేయరు గొంతు చివరికంటా పెంచి, కిటికీ తెరిచిపెట్టి వసారాలోకి వచ్చి కూలబడింది. మొగుడు హోబర్ట్ అప్పటికే అక్కడ రాత్రి కూరకి చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాడు. పాల బండి తోలి తోలి, డబ్బాల మోతకి ఒక చెవి ఎప్పుడో పోగొట్టుకున్న మనిషి. రెండో చెవి కిటికీ వైపుంది. పాట మొదలైంది. హోబర్ట్ చెయ్యి ఆగింది.

"ఏమే, ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరుంటారు? నీ తలకాయ!"

"మరి లోపల చిక్కుడుకాయలు తుంచుతోందెవరు?"

డెల్ఫియా వంగి అతని ముందున్న కుప్పలో చెయ్యి పెట్టింది. ఒక కాయ తీసింది. ఈనె లాగింది, తుంచింది. చిటుక్. లోపల్నుంచి ఓపల్ టిడ్వెల్ జవాబిచ్చింది. చిటుక్. డెల్ఫియా వాళ్ళమ్మ పాడినన్నాళ్ళూ ఒళ్ళో కాయలుండేవి. ఆ చప్పుడు వింటూ పెరిగిన మనిషి మూడుసార్లు విని మూడుసార్లూ తప్పని కొట్టేసింది! డెల్ఫియాకి నవ్వాగలేదు, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. తన చెవులకేం కాలేదు.

"నువ్వు బంగారానివయ్యా" అంది.

"ఒంటి చెవి బంగారం" అన్నాడు హోబర్ట్.

సోమవారం పొద్దున డెల్ఫియా సంగతి చెబితే విండల్ ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు గానీ, పాట రికార్డు చేసిన స్టూడియోకి ఫోన్ చేశాడు. ఓపల్ అక్కడే ఉంది. ఫోన్ డెల్ఫియా చేతికొచ్చింది.

"అమ్మా, మూడో పాట పాడుతూ మీరు ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకున్నారా?"

అవతల ఓపల్ గొంతు తగ్గించింది.

"నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండీ. వినబడింది."

"అది మా అమ్మ గురించిన పాట తల్లీ. చేతులు ఖాళీగా ఉంటే వణుకు. కాయలుంటే గాని గొంతు పెగల్లేదు. ఏమీ వినబడటం లేదని ఇక్కడి మగాళ్ళంతా ఒట్టేశారు." తర్వాత గొంతులో కొంటెతనం వచ్చింది. "సరే, అంత చెవి ఉన్నదానివి కదా, ఎన్ని తుంచానో చెప్పు చూద్దాం."

"పదిహేడు. పదకొండోది ముదురు కాయ, ఒక పట్టాన విరగలేదు."

ఓపల్ నవ్వు విండల్‌కి కూడా వినబడింది. "ఆ దిక్కుమాలిన కాయ నాకు గుర్తుంది! ఉండనియ్యి తల్లీ, తీయించకు. నీలాంటిదొకతె వింటే చాలు."

డెల్ఫియా పెన్సిలు తీసి సరే అని రాసింది. రికార్డు మాత్రం ప్లేయరు మీంచి తీయలేదు. ముల్లు మళ్ళీ మూడో పాట మీద పెట్టి, పెన్సిలు సొరుగులో పడేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కింద ముప్పైమంది ఎదురుచూస్తున్నారు.

"ఇంకేమన్నా తప్పుందా మిస్ డెల్ఫియా?" అన్నాడు విండల్ కంగారుగా.

"లేదు. కూర్చో బాబూ" అందావిడ. "పాట వింటున్నాను."