మందు చేపలమ్మా, మందు చేపలు

మొన్న పొద్దున్న దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుండగా వీధిలోకి చేపల వ్యాను వచ్చింది. అందులో కుర్రవాడు మైకులో "మందు కలపని చేపలు, తాజా చేపలు" అని అరుస్తుంటే ఇంట్లోవాళ్లు గిన్నెలు పట్టుకుని వెళ్లారు గాని, నా మనసు మాత్రం ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. దేవుడి దయవల్ల నేను కోపం తక్కువ మనిషినే. అయినా మందు, చేప అన్న రెండు మాటలూ కలిపి వింటే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండుతుంది. స్వామి క్షమించాలి.

అరవై ఎనిమిదో తొమ్మిదో, మా పెద్దమ్మాయి పుట్టిన వేసవి. మావారు చేపలశాఖలో ఫీల్డుమాన్ కావడంతో ముఖలింగానికి దిగువన, వంశధార ఒడ్డు ఊళ్లో మా కాపురం. మా వైపు బాలింతకు పాలు పడాలన్నా, జ్వరపడి లేచినవారికి సత్తువ రావాలన్నా కొర్రమీను మిరియాలతో వండి పెట్టేవారు, అందుకే దాన్ని మందు చేప అనేవారు. దాన్ని నీళ్లకుండలో బతికుండగానే తెచ్చి అమ్మే బెస్తలావిడను, వయసులో పెద్దది గనుక, నేను అక్క వరసలో అప్పా అని పిలిచేదాన్ని. సోమవారం నేను నీసు ముట్టనని ఆ రోజు మా గుమ్మం దాటిపోయేది గాని, మిగతా రోజుల్లో వద్దంటే వినేది కాదు. "ఒలమ్మీ, నువ్వు తినకపోతే పిల్లకి పాలు నీ మొగుడిస్తాడేటి? మందు సేప ఇది, నోరుమూసుకోని తిను" అనేది. నోరు మూసుకుని తినడం ఎలాగో అడిగితే, ఇద్దరం పడీపడీ నవ్వుకునేవాళ్లం.

ఆ వేసవిలోనే ఏటి మడుగుల్లో పైరుకు కొట్టే పురుగుమందు పోసి, చచ్చి తేలిన చేపల్ని బండ్లకెత్తి అమ్మడం మొదలైంది. అది చట్టప్రకారం నేరం, ఆ చట్టం మంచిదే. ఆ నీళ్లు తాగి గేదెలు కూడా చచ్చాయి. చేయిస్తున్నది మడుగులు వేలంలో పాడుకున్న కాంట్రాక్టరేనని ఊరంతటికీ తెలుసు. దక్షిణం జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన మావారి పై అధికారి ఆ కాంట్రాక్టరు ఇంట్లోనే భోజనం చేసి, ఏదో ఒక కేసు చూపించాలి గనుక సంతకు వెళ్లాడు. అక్కడ అప్ప ఎప్పటిలాగే "మందు సేపలమ్మా, మందు సేపలు" అని కేక వేస్తోంది. ఇంకేం కావాలి, తన నోటితో తానే ఒప్పుకుందని పట్టుకున్నాడు. ఇక్కడ మందంటే ఔషధమండీ అని మావారు చెప్పబోతే నీ పని చూసుకోమని కసిరాడట. కుండ బోర్లించి చేపల్ని గోతిలో పూడ్పించేశాడు. అవి అప్పటికీ గెంతుతూనే ఉన్నాయి! విషం తిన్న చేప గెంతుతుందా? అది తెలుసుకోవడానికి ఏం చదువు కావాలండీ?

విచారణ రోజున పిల్లను ఎత్తుకుని నేనూ తాలూకా కోర్టుకు వెళ్లాను. మావారు శాఖ తరఫు సాక్షి, అడిగినదానికి తప్ప నోరు విప్పకూడదు. నువ్వు అమ్మింది మందు చేపలేనా అని మేజిస్ట్రేటుగారు అడిగితే అప్ప తలెత్తి, "అవును బాబూ, మందు సేపలే. మా యమ్మకాడ నుండీ అయ్యే అమ్ముతన్నాం, అబద్దం సెప్తానేటి?" అంది. అధికారి నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేను కూర్చోలేకపోయాను. నాన్నగారు అరుగు మీద దిద్దించిన అక్షరాలు తప్ప బడి మొహం ఎరగని నేను ఆ సభలో లేచి నిలబడ్డాను. మేజిస్ట్రేటుగారు కసరకుండా బోనెక్కించి విన్నారు. ఆ వేళ సంతకు పోతూ అదే కుండలోంచి నాకు ఒక చేప ఇచ్చిందనీ, అది నా చేతిలోంచి జారి వాకిలంతా గెంతిందనీ, దాన్ని తిని నేనూ, నా పాలు తాగి ఈ పిల్లా నిక్షేపంగా ఉన్నామనీ చెప్పేశాను. చెప్పించింది ముఖలింగేశ్వరుడే. కేసు కొట్టేశారు. ఆ మేజిస్ట్రేటుగారికి ఈనాటికీ చేతులెత్తి నమస్కరిస్తాను.

కాని ఆ కాంట్రాక్టరును ఒక్కనాడైనా కోర్టు మెట్లెక్కించినవారు లేరు. మావారిని ఏజెన్సీకి తోలేశారు, అది పోనీండి. సంతలో మాత్రం అప్పకు 'మందు చేపల కేసు మనిషి' అన్న పేరే మిగిలి, అత్తగార్లు కోడళ్లకోసం ఆమె దగ్గర కొనడం మానేశారు. మేం ఊరు విడిచే రోజున, గుమ్మంలో కుండ దించేదాకా ఆమె వచ్చినట్టే నాకు తెలియలేదు. కేక వేయలేదేం అప్పా అంటే, "ఏటని అరవను సెల్లీ? ఆ మాట ఆల్లు లాక్కున్నారు గదా" అంది.

ఇప్పుడు చట్టాలూ పెరిగాయి, చేపలకు మంచు పెట్టెలూ వచ్చాయి. మొన్న ఆ వ్యాను కుర్రవాణ్ని ఆపి, మందు చేప ఉందా నాయనా అని అడిగాను. "సీ సీ, అలాటివి మాకాడ ఉండవు మామ్మా" అన్నాడు, పాపం, బాగా నొచ్చుకుని. వాడి తప్పేముంది? మా పెద్దమ్మాయి ఎముకల్లో ఇంకా ఆ మందు ఉంది గాని, దాన్ని పిలవడానికి పేరే లేకుండా పోయింది.