పెద్దమ్మ చూడని సినిమా

"పెద్దమ్మ పోయినాదన్నా, నిద్రలోనే," అని మొన్న ఆదివారం పొద్దున్నే కుందుర్పి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఊరికి వెళ్లే బస్సులో ఏడుద్దామనుకున్నాను. అలసటే వచ్చింది గానీ ఏడుపు రాలేదు.

మా పెద్దమ్మ నటించిన సినిమా మీరెవరూ చూసి ఉండరు. ఆమే చూడలేదు. నేను పుట్టకముందు మద్రాసు నుంచి ఎవరో వచ్చి మా ఊళ్లో కరువు మీద సినిమా మొదలుపెట్టారట. బావి దగ్గర నిలబడే ఆడమనిషి కావాలని పెద్దమ్మను పిలిచారు. చంకలో ఏడాది బిడ్డ. దింపితే గుక్కపట్టి ఏడ్చిందని, బిడ్డతోనే తీశారు. కొన్నాళ్లకు వాళ్లలో వాళ్లకు చెడి, సామాను లారీకెత్తుకుని వెళ్లిపోయారు. ఆ ఎండాకాలమే జ్వరం వచ్చి బిడ్డ పోయింది. బిడ్డకు ఒక్క ఫోటో కూడా లేదు. ఉంటే ఆ రీలులోనే ఉండాలి.

ఊళ్లో ఆ సినిమా మాట ఇప్పటికీ ఆగలేదు. చివర్లో వాన పడేదని ఒకరు, హీరో చచ్చిపోయేవాడని ఒకరు వాదించుకుంటారు.

"టాకీసులో సూసినవన్నీ మర్సిపోతిమి గదప్పా," అనేది పెద్దమ్మ, శనక్కాయలు ఒలుస్తూ. "సూడనిదే నిల్చిండాది."

ఆమెకు కథతో పనిలేదు. ఆ రోజు అక్కడున్నవాళ్లు కనబడితే, బిడ్డ కెమెరా వైపు చూసిందా అని మాత్రం అడిగేది.

పోయినేడు ఆ రీలు కోసం చెన్నై వెళ్లి మూడు రోజులు తిరిగాను. మూతపడిన ఒక ల్యాబు గోదామును ముసలి కాపలాదారు తెరిచి చూపించాడు. తుప్పు డబ్బాల్లో ఫిల్ము ముద్దలై, పుల్లటి వాసన కొడుతోంది. చాలావాటికి పేర్లే లేవు.

తిరిగొచ్చి, దొరకలేదని చెప్పాను. పెద్దమ్మ చేతిలోని శనక్కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది.

"పోనీలే నాయనా. దొరికినాదనుకో, అండ్లో బిడ్డ మొగం సరిగ్గా పడకపోయింటే? ఇప్పుడు నాకు అగుపడతాండే మొగం గూడా పోతాది." తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మొగం పీక్కపోయిండాది, లెయ్, తిందువు," అంది.

సంగటి తిని, వసారాలో గోడకు తల ఆన్చి నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ వసారాలోకి వచ్చేసింది. నా మీద మాత్రం పడలేదు. ఎండకూ నాకూ మధ్య పెద్దమ్మ కూర్చుని ఉంది. కూర్చునే నిద్రపోతోంది.