తాళింపు మజ్జిగతో ఏడు కిలోమీటర్లు

కోడంబాక్కంలో మా ఇంటి నుంచి చింతాద్రిపేటలో మా ఆఫీసుకి ఏడు కిలోమీటర్లు. పరుగెత్తుకుంటూ వెళ్దామని ఇంతకుముందు రెండుసార్లు బయల్దేరాను. రెండుసార్లూ ఎగ్మోర్ దగ్గర నీరసం వచ్చి ఆటో ఎక్కేశాను. నీరసం రాకుండా రన్నర్లు దారిలో తినే తీపి జెల్ నాకు పడదు, కడుపులో తిప్పుతుంది. అందుకే నిన్న రాత్రి మా అత్తకి నా రన్నింగ్ వెస్టు జేబులో పెట్టుకునే మెత్తటి సీసా ఇచ్చి, పొద్దున ఇందులో ఉప్పు మజ్జిగ పోసివ్వమన్నాను.

ఈ రోజు ఎగ్మోర్ చేరేసరికి నాలుక పిడచకట్టింది. సీసా నోట్లో పెట్టుకుని ఎంత పీల్చినా చుక్క రాలేదు. మూత విప్పి చూస్తే పీల్చే గొట్టానికి అడ్డంగా కరివేపాకు, దాని చుట్టూ ఆవాలు! సరిగ్గా అప్పుడే పక్కన ఒక ఆటో వచ్చి ఆగింది. నేను ఎక్కలేదు. సీసా పైకెత్తి మజ్జిగ గొంతులో పోసుకున్నాను. సగం టీషర్టు తాగింది. మళ్ళీ ఆఫీసు గేటు దగ్గరే ఆగాను. బట్టలు మార్చుకున్నా రోజంతా నా సీటు దగ్గర ఇంగువ వాసనే.

సాయంత్రం ఇంటికి రాగానే నిలదీశాను. “తాళింపు ఎవరు వేయమన్నారత్తా?”

“ఉత్త మజ్జిగ మనిషికి ఎట్ట ఇస్తారే? సరి సరి, రేపు వడగట్టి పోస్తాలే. నువ్వు మాత్రం మళ్ళా ఆటో ఎక్కబాక.”

ఆటో సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ పాత పోస్టుల్లోనే రాశాను. అత్తకి చేరవేసింది మీలో ఎవరో మర్యాదగా కామెంట్లో ఒప్పుకోండి. రేపు కూడా పరుగే.