ఒడిసెల చెయ్యి, రాష్ట్ర జట్టు: అరకు కొండల్లో ఒక శుక్రవారం

నేను ఆ శుక్రవారం అరకు వెళ్లింది కొండలు చూడటానికి కాదు, ఒక కుర్రవాణ్ణి రాష్ట్ర జట్టు గుమ్మం దాకా నడిపించడానికి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. అప్పటికే చాలా ఏళ్లుగా ఏజెన్సీ ఊళ్ల క్రైస్తవ మందిరాల్లో బైబిలు వాక్యం చెబుతూ తిరుగుతున్నాను. వాక్యం నాకు ఏ కళాశాలా నేర్పలేదు, కిరోసిన్ దీపం నేర్పింది. క్రికెట్టూ అంతే. విశాఖలో ఆంధ్ర జట్టు రంజీ మ్యాచ్ ఆడినప్పుడల్లా సంచిలో అటుకులు కట్టుకుని మెట్ల మీద కూర్చునేవాణ్ణి. అప్పుడు మన రాష్ట్రం ఒకటే గాని జట్లు రెండు. హైదరాబాదు జట్టుకు పేరుండేది, మా ఆంధ్ర జట్టుకు ఓపిక ఉండేది. కప్పు రాకపోయినా ఆ జట్టు మీద నా నమ్మకం ఒక్కరోజూ సడలలేదు.

పెదబయలు వైపు కొండ ఊళ్లో సామ్యేలును నేను మొదట చూసింది చోడి, అంటే రాగి, చేను మంచె మీద. ఒడిసెలలో రాయి పెట్టి, తల చుట్టూ ఒక్క తిప్పు తిప్పి వదిలితే, ఆ చివరి గట్టు మీద చిలకల గుంపు లేచిపోయింది. అంతే, ఆ ఆదివారం మందిరంలో గర్జించాను. బైబిల్లో ఒడిసెల పట్టిన గొర్రెల కాపరి, ఏటి ఒడ్డున ఏరిన అయిదు నున్నని రాళ్లు, నేలకూలిన మహాకాయుడు! "ఈ చేతికి బంతి ఇస్తే రాష్ట్రమే లేచి నిలబడుతుంది" అన్నాను. బంతి ఇచ్చాను, రెండేళ్లు నేనే నేర్పాను. ఏజెన్సీ పోటీల్లో వికెట్లు ఎగిరిపోయాయి. ఇక సోమవారం విశాఖలో ఇరవై రెండేళ్ల లోపు వాళ్లకు రాష్ట్ర జట్టు సెలెక్షన్. వయసు లెక్కన సామ్యేలుకు అదే ఆఖరి అవకాశం. దానికి ముందు ఒకప్పుడు ఆంధ్రకు ఆడిన పాత బౌలర్ అప్పలరాజు గారి చేత నాలుగు మెళకువలు చెప్పించాలని నా ఆశ. ఆయన సుంకరమెట్ట దగ్గర కాఫీ తోట చూసుకుంటూ స్థిరపడ్డారు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కాను. టిక్కెట్టు ఇరవై రూపాయలు దాటలేదు. శృంగవరపుకోట దాటాక రైలు కొండెక్కుతుంది, టైడా దగ్గర గాలి మారుతుంది. అక్కడి నుంచి సొరంగం వెనక సొరంగం. చీకటి పడినప్పుడల్లా పెట్టెలో పిల్లలు కేకలు వేస్తారు, వెలుగు రాగానే లోయ చూసి నోరు మూస్తారు. పదకొండు కావస్తుండగా అరకులో దిగాను. శుక్రవారం సంత కాబట్టి సామ్యేలు తెల్లవారకముందే బయలుదేరి, అల్లం బస్తా అమ్మేసి, స్టేషను బయట నిలబడి ఉన్నాడు. సుంకరమెట్ట జీపుకు మనిషికి పది రూపాయలు. డ్రైవరు నా చంకలో గ్రంథాన్ని, సామ్యేలు చేతిలో బంతిని మార్చి మార్చి చూశాడు.

"ఏటి బాబూ, ప్రార్థనకా, ఆటకా?"

"రెంటికీ" అన్నాను.

"అయితే బేగి ఎక్కండి. ఈ బండి బ్రేకులకి ప్రార్థన కావాల."

అప్పలరాజు గారిది చిన్న పెంకుటిల్లు. అరవై దాటిన మనిషి, భుజాలు ఇంకా వంగలేదు. కాఫీ పళ్లు ఇంకా కోతకు రాలేదు గనక గింజలు ఆరబెట్టే సిమెంటు కళ్లం ఖాళీగా ఉంది. దాని చివర ఒక కర్ర పాతి, "ఏదీ గుంటడా, రెండు బంతులెయ్యి" అన్నారు. వేశాడు. కర్ర ఎగిరిపోయింది. నేను "హల్లెలూయా" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్లం పక్కకు తీసుకుపోయి నిలబెట్టారు.

"మీరెప్పుడూ ఎక్కడ నిలబడి సూసీవోరు?"

"వికెట్టు వెనక."

"అంపైరు ఇక్కడ కూడా ఉంటాడు బాబూ. ఇప్పుడు సూడండి, మోచెయ్యి."

సామ్యేలు మళ్లీ వేశాడు. రెండేళ్లలో మొదటిసారి పక్కనుంచి చూశాను. బంతి వదిలేముందు మోచెయ్యి మడత పడింది, వదిలేటప్పుడు చిటుక్కున విచ్చుకుంది. అది బౌలింగ్ కాదు, విసరడం. మా కొండ పోటీల్లో అంపైరింగు చేసింది బడి పంతుళ్లు, లేకపోతే నేను. మాలో ఒక్కడూ పట్టుకోలేదు.

"సోమవారం మొదటి ఓవర్లోనే నోబాలంటారు" అన్నారాయన. "మూడ్రోజుల్లో మారే సెయ్యి కాదిది."

నాకు కోపం వచ్చింది. ఒప్పుకోవలసిన చోట వాదించాను. గొర్రెల కాపరి కథ మొదటి నుంచి చివరి దాకా వినిపించాను. ఆయన శ్రద్ధగా విని అడిగారు: "మీ కాపరి బౌలింగు సేసేడా బాబూ? ఇసిరేడు గదా!"

అనకూడని మాట అనేశాను. "ఇంత నియమం పాటించిన మీ జట్టు ఎన్ని కప్పులు తెచ్చింది?"

"కప్పు నేదు" అన్నారు నెమ్మదిగా. "మూడో రోజు టీ దాకా నిలబడితే మాకది పండగ. కానీ మా ఆట మీద మచ్చ నేదు."

సామ్యేలు బంతి నా చేతిలో పెట్టేశాడు. "నాను ఇంటికెల్పోతానయ్యగారూ. సోళ్లు కోతకొచ్చీసేయి." ఆ కుర్రవాడి ముఖం చూడలేకపోయాను. వాడి రెండేళ్లు పోగొట్టింది నా గర్జనే.

అప్పుడు లోపలి నుంచి అప్పలరాజు గారి భార్య కేకేశారు. "మీరాడిన ఆ నాలుగు మేచీలూ మళ్లీ ఆడీసేరా, ఇంకా ఉన్నాయా? కూరారిపోతంది." ఎండుచేప, ఆనపకాయ వేసిన పులుసు, వేడి అన్నం. తింటూ ఆయన పాత రోజులు చెప్పారు. రెండో తరగతి పెట్టెలో మద్రాసు దాకా పోవడం, కిట్టు బ్యాగులనే తలగడలు చేసుకోవడం. "మాకు బేటింగోడు దొరికేడు, స్పిన్నరు దొరికేడు. బౌండరీ కాణ్నుంచి ఇసిరీవోడే దొరకనేదు. మా బంతి రెండు గెంతులేసి వచ్చీది. ఆళ్లు మూడో పరుగు నవ్వుకుంటూ తీసీవోరు." చెబుతూ చెబుతూ ముద్ద ఆపేశారు. సామ్యేలు వైపు చూశారు.

"ఒరే, లెగు."

చేతులు కడుక్కోనైనా లేదు. కళ్లం అవతల, తోట అంచున చివరి కాఫీ మొక్క దగ్గరికి వాణ్ణి పంపించారు. డెబ్బై గజాలుంటుంది. "ఇందాకటి కర్రే. బౌలింగు మర్సిపో. సిలకలున్నాయనుకో."

మొదటి బంతి కర్రను రాసుకుంటూ పోయింది. రెండోది కర్రను మొదలంటా విరిచింది.

బైబిలు కథలో ఆ కాపరికి యుద్ధానికి ముందు రాజు తన కవచం తొడిగిస్తే, అలవాటు లేదని విప్పేశాడు. ఈ మాట నేను వందసార్లు చెప్పి ఉంటాను. సామ్యేలుకు నేను తొడిగిన కవచం బౌలింగ్ అని మాత్రం ఆ విరిగిన కర్ర చూసేదాకా తెలియలేదు. ఆ కళ్లంలోనే వాణ్ణి క్షమాపణ అడిగాను. "వస్తావా?" అన్నాను. విరిగిన కర్ర ముక్క చేతిలోకి తీసుకుని, "వస్తానయ్యగారూ" అన్నాడు. నాలుగు గంటల బస్సెక్కి ఘాటు రోడ్డు మీదుగా, చీకటి పడ్డాక విశాఖలో దిగాం.

సోమవారం వాడి పేరు బౌలర్ల జాబితాలో ఉంది. నేను మాట్లాడబోతే వాడే ముందుకెళ్లాడు. "బౌలర్లలోంచి నా పేరు కొట్టీండి బాబూ. బౌండరీ కాడ నిలబెట్టండి. బేటింగు కూడా కొంచెం సేత్తాను." జాబితా పట్టుకున్నాయన నవ్వాడు, నిలబెట్టాడు. మధ్యాహ్నం దాకా వాడి వైపు ఒక్క బంతీ రాలేదు. వచ్చినప్పుడు బ్యాట్స్‌మన్ మూడో పరుగుకు తీరిగ్గా తిరిగాడు. సామ్యేలు విసిరిన బంతి నేల తాకకుండా వచ్చి స్టంపు లేపేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయంత్రం చదివిన పదిహేను పేర్లలో చివరిది సామ్యేలుది. మరుసటి ఆదివారం అదే మందిరంలో నిలబడి, నా పాత ప్రసంగంలో తప్పేమిటో అంతే గట్టిగా చెప్పాను.

ఓడిన జట్టుకు చరిత్ర ఏముంటుందని చాలామంది నన్నడిగారు. తనకు ఏది కొరవడిందో మర్చిపోకుండా, ముప్పయ్యేళ్లు దాచుకుని, సరైన చెయ్యి ఎదురైనప్పుడు గుర్తుపట్టిన మనిషి ఉన్నాడే, నాకు ఆంధ్ర జట్టు చరిత్ర ఆయనే. మీకు నా సలహా ఒక్కటే: చోడి పంట కాలంలో వెళ్లండి, విశాఖలో రైలెక్కగానే కుడివైపు కిటికీ పట్టుకోండి. లోయలన్నీ అటే ఉంటాయి. అరకు దగ్గరపడ్డాక మంచెల మీద ఒడిసెలలు తిరుగుతుంటాయి. కళ్లారా చూడండి, చెయ్యి మాత్రం పక్కనుంచి చూడండి.