అచ్చొచ్చిన కుర్చీ

మా సూపర్‌వైజర్ క్యాబిన్‌లో నాకంటూ ఒక కుర్చీ ఉండేది. ఆ సంగతి రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ప్లాస్టిక్ కుర్చీ, ఒక చెయ్యి విరిగింది, ఏసీ కింద గోడకు ఆనించి ఉండేది. రియాద్ శివార్లలో ఒక కొరియా కంపెనీ కడుతున్న సైట్‌లో నేను ఏసీ మెకానిక్‌ని. మాది జగిత్యాల వైపు. మెకానిక్ అనేవాడు ఆఫీసు క్యాబిన్‌లోకి పోతే నిలబడి పని చేసుకుని, నిలబడే బయటికి రావాలి. కూర్చోమని ఎవరూ అనరు, మనమూ ఆశపడం. అలాంటిది నేను అక్కడ దర్జాగా కూర్చుని, కొరియాలో కుర్రాళ్ళు కంప్యూటర్ మీద ఆడే పోటీలు చూసేవాణ్ణి.

మొదటిసారి పోయింది ఏసీ నీళ్ళు కారుతోందని పిలిస్తే. భోజనం వేళ. మా కొరియా సూపర్‌వైజర్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, తల పట్టుకుని ఉన్నాడు. పైపులో ఇరుక్కున్న మట్టి తీస్తూ నేనూ ఒక కన్ను అటేశాను. తెర మీద అడవి, నది, రెండు వైపులా రెండు కోటలు. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు. అవతలివాళ్ళ కోట ముందుగా కూల్చినవాళ్ళది గెలుపు. ఆ మాత్రం నాకే అర్థమైంది. అతను అభిమానించే జట్టు కోట సగం కూలిపోయి ఉంది. నేను నిచ్చెన దిగి, నీళ్ళు తాగుదామని ఆ విరిగిన కుర్చీలో ఒక్క క్షణం కూర్చున్నాను. అంతే, ఆట తిరిగింది. ఓడిపోయే జట్టు లేచి అవతలి కోట కూల్చేసింది. సూపర్‌వైజర్ అరుస్తూ వచ్చి నన్ను వాటేసుకున్నాడు. నా చొక్కా నిండా మట్టి నీళ్ళు. అతను చూసుకోలేదు కూడా.

మర్నాటి నుంచి ఆట ఉన్నప్పుడల్లా నాకు కబురొచ్చేది. కొరియాలో సాయంత్రం మొదలయ్యే మ్యాచ్‌లు ఇక్కడ మా భోజనం వేళకు పడేవి. ఎండాకాలం మధ్యాహ్నాలు బయట పని చేయించకూడదని ఇక్కడ రూలు, కాబట్టి అందరికీ తీరికే. నేను పోతే వేడివేడి రామ్యన్, అంటే వాళ్ళ కారం నూడుల్స్, గిన్నెలో పెట్టి ఇచ్చేవాడు. పక్కన కిమ్చీ. మా మధ్య నడిచేది సైట్ భాష, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, రెండు అరబ్బీ మాటలు, మిగిలింది చేతులు. ఒకరోజు ఆ చేతులతోనే చెప్పాడు, తనను "హ్యోంగ్" అని పిలవమని. అంటే అన్న. నన్ను "తోంగ్‌సేంగ్" అన్నాడు. అంటే తమ్ముడు. దేశం కాని దేశంలో పై అధికారి నోట తమ్ముడనే మాట వింటే మనిషికి ఏమవుతుందో, విన్నవాడికే తెలుస్తుంది. నేను ఆ రోజు మా గదిలో అందరికీ చెప్పుకున్నాను. వాళ్ళు నాకు "కొరియా అల్లుడు" అని పేరు పెట్టారు. పెట్టనీ అనుకున్నాను.

వాళ్ళ దేశంలో ఈ ఆటంటే ఎంత పిచ్చో అతను చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. చిన్నప్పుడు నేను వీడియో గేముల కొట్టు దగ్గర కనబడితే మా నాన్న చెవి పట్టుకుని ఇంటిదాకా లాక్కొచ్చేవాడు. అక్కడేమో వీధికొక కంప్యూటర్ ఆటల కొట్టు, కూర్చున్న చోటికే నూడుల్స్ తెచ్చిస్తారట. టీవీలో ఆటకని ప్రత్యేకంగా చానెళ్ళు. ఆడే కుర్రాళ్ళు జట్టు ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, పొద్దస్తమానం సాధన చేస్తారు. పుట్టినరోజు వస్తే అభిమానులు చందాలేసుకుని మెట్రో స్టేషన్‌లో వాళ్ళ ఫొటోలతో బోర్డులు పెట్టిస్తారు. సాధన చేసేచోటికి కాఫీ బండి పంపుతారు. ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెస్తే, అక్కడ మగపిల్లలందరికీ తప్పనిసరైన మిలిటరీ సర్వీసు కూడా తప్పుతుంది. ఇదంతా వింటూ వింటూ నాకూ పిచ్చి ఎక్కింది. అతని జట్టులో కళ్ళద్దాల కుర్రాడొకడు ఉండేవాడు. అందరూ భయపడి వెనక్కి తగ్గినప్పుడు వాడొక్కడే ముందుకు దూకేవాడు. వాడంటే నాకు ప్రాణం.

ఆట రోజు అతను చేసే చాదస్తాలు చూస్తే నవ్వొచ్చేది. ఆ రోజు తల స్నానం చేయడు. సముద్రపు నాచు చారు ముట్టడు, అది తాగితే జారిపోతారని వాళ్ళ నమ్మకమట, పరీక్షల రోజు కూడా పిల్లలకు పెట్టరట. మా దగ్గర బయల్దేరేటప్పుడు తుమ్మితే ఆగిపోతామని నేను చెప్పాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ఎక్కడైనా మనుషులు మనుషులే అనుకున్నాను. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేను తిట్టుకుంటాను.

చలికాలం వచ్చేసరికి ఆ కళ్ళద్దాల కుర్రాడు జట్టు మారాడు. వేరే జట్టు ఎక్కువ జీతం ఇస్తానందట. సూపర్‌వైజర్ భోజనం మానేశాడు. క్యాబిన్ తలుపేసుకుని ఏడ్చాడు, ఇంత పొడుగు మనిషి. అప్పుడే నాకొక మాట నేర్పాడు. "బేషిన్‌జా." నమ్మినవాణ్ణి వెన్నుపోటు పొడిచేవాడని అర్థం. వీపు మీద చేత్తో పొడిచి చూపించాడు. నేను టీ తెచ్చిచ్చి ఓదార్చాను. "హ్యోంగ్, చిన్న పిల్లాడు. జీతం కోసం పోయాడు. నువ్వూ నేనూ ఇక్కడికి వచ్చింది దేనికి?" అన్నాను. అతను నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి వేసవిలో పెద్ద పోటీ రియాద్‌లోనే పెట్టారు. ప్రపంచంలోని జట్లన్నీ ఇక్కడికే వస్తున్నాయి. ఫైనల్‌కు తనకొక టికెట్టు, నాకొక టికెట్టు కొన్నానని సూపర్‌వైజర్ ఫోన్‌లో చూపించాడు. రెండు సీట్లూ పక్కపక్కనే. నాకు లీవ్ అప్పటికే ఓకే అయి ఉంది, ఊరికి పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా కొట్టించుకోవడమే మిగిలింది. లీవ్ వెనక్కి జరుపుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడకు చెప్పాను.

"ఆటనా? ఆట కోసం ఆగుతవా? నీకేమన్న పిస లేసిందా?" అంది.

"ఆట కోసం కాదే. అన్న లెక్క చూసుకుంటడు. ఇద్దరికీ టికెట్లు తీసిండు. కాదంటె మంచిగుండదు."

"అన్ననా? గాయన నీకు అన్న ఎప్పటిసంది అయిండు?" అని పెట్టేసింది.

ఆమె మాటకు కోపమొచ్చింది గానీ, నా ఉత్సాహం తగ్గలేదు. కొరియాలో అభిమానులు తమ చేత్తో రాసిన అట్టలు పట్టుకుని వెళ్తారని అతనే చెప్పాడు. శుక్రవారం బతా బజారుకు పోయి మంచి దళసరి అట్ట, రంగులు కొన్నాను. అతను రాసిచ్చిన కొరియా అక్షరాలను బొమ్మ గీసినట్టు గీశాను. కింద తెలుగులో "కొట్టు తమ్మీ" అని రాశాను. దాన్ని క్యాబిన్‌లో నా కుర్చీ వెనకే పెట్టాను.

ఫైనల్‌కు ముందు మొదటి రౌండ్లు నడుస్తున్నాయి. నేను కుర్చీలో ఉండగా జట్టు ఒక మ్యాచ్ ఓడింది. తర్వాతి మ్యాచ్ కూడా ఓడింది, ఇంకొక్కటి ఓడితే ఇంటికే. ఆ ఆఖరి మ్యాచ్ రోజు నాకు కబురు రాలేదు. ఏదో మీటింగట. జట్టు గెలిచింది. ఆ తర్వాత కూడా కబురు రాలేదు. క్యాబిన్ ముందు నుంచి పోతే లోపల ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు మొహం తిప్పుకునేవాడు. పని ఒత్తిడి అనుకున్నాను. జట్టు ఫైనల్‌కు చేరింది.

ఫైనల్ రోజు పొద్దున్నే ఫోర్‌మన్ వచ్చి, మూడొందల కిలోమీటర్ల అవతల హుఫూఫ్‌లోని మన కంపెనీ క్యాంపులో ఏసీలు ఆగిపోయాయి, నువ్వే వెళ్ళాలి అన్నాడు. సూపర్‌వైజర్ దగ్గరికి పరుగెత్తాను. అతను నా కళ్ళలోకి చూడకుండా, "వర్క్ ఈజ్ వర్క్. సారీ, తోంగ్‌సేంగ్. నెక్స్ట్ టైమ్" అన్నాడు. టికెట్టు ఏమవుతుందని అడగబుద్ధి కాలేదు. పని వస్తే అతను మాత్రం ఏం చేస్తాడని సర్దిచెప్పుకుని బండి ఎక్కాను.

బండి నడిపేది కడప అతను, కంపెనీ డ్రైవర్. దారి పొడుగునా ఇసుక. నేను కిటికీకి తల ఆనించి కూర్చుంటే అతనే ఉండబట్టలేక అడిగాడు.

"ఏంన్నా, అట్ల ఉండావు? మ్యాచ్‌కు పోలేదనా?"

"పని పడింది కదా, ఏం చేస్తం."

అతను నవ్వాడు. "పనా? నీకు నిజంగానే తెలీదా? ఆడ ఆగిపోయింది ఒక్క ఏసీనే అన్నా. హుఫూఫ్‌లోనే మెకానిక్ ఉండాడు. నువ్వు టీవీ ముందర కూర్చుంటే టీము ఓడిపోతాదంట. రాత్రి దాకా ఈణ్ణి ఆడే పెట్టు, తీసుకురావద్దని నాకు చెప్పినాడు మీ కొరియావోడు. వాళ్ళంతా అదే మాట చెప్పుకొని నగుతాండారు. ముందర గెలిచినప్పుడు నీ కాలు మంచిదని పిలిపిచ్చుకొన్న్యారు. ఇప్పుడు ఓడినారు గదా."

అతనికి అదొక తమాషా. నూడుల్స్, కిమ్చీ, తమ్ముడూ అన్న పిలుపు, నా చెయ్యి పట్టుకుని కూర్చోవడం, అన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిరిగి నా మొహాన కొట్టాయి. అతనికి తమ్ముడు దొరకలేదు. అచ్చొచ్చిన కుర్చీ ఒకటి దొరికింది, అందులో నేనుండేవాణ్ణి. అచ్చిరాకపోయేసరికి తీసి బయట పెట్టాడు.

మా అమ్మ గుర్తొచ్చింది. నేను పదో తరగతిలో ఉండగా నాన్న పోయాడు. మా చిన్నాన్న కొడుకు పెళ్ళిలో, తలంబ్రాల వేళకు అమ్మ కనబడలేదు. వెతుక్కుంటూ పోతే వంటల టెంటులో ఉల్లిగడ్డలు కోస్తోంది. పట్టుచీర కట్టుకుని మరీ. నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా అంటే, "ఎవలేమంటరు బిడ్డా, నేనే అచ్చిన. పిల్లలు సల్లగుండాలె" అంది. ఎవరూ అనకుండా నువ్వే ఎందుకొచ్చావని నేను అమ్మ మీద అరిచాను. నలుగురూ చూశారు. అమ్మ తల ఎత్తలేదు.

హుఫూఫ్ క్యాంపులో ఏసీ బాగుచేయడం ఎంతసేపు, గ్యాస్ నింపితే అయిపోయింది. సాయంత్రం గదిలో కుర్రాళ్ళు ఫోన్ గోడకు ఆనించి ఫైనల్ పెట్టారు. నన్నూ రమ్మన్నారు. లేచాను. తలుపు దాకా పోయాను. తెర మీద అదే అడవి, అదే నది. అక్కడే ఆగిపోయాను. శకునాలన్నీ ఒట్టి బూటకమని నాకు తెలుసు. అయినా వెనక్కి వచ్చేశాను. నా ఫోన్ ఆపేసి, ఖర్జూరపు తోట గోడ పక్కన బండలా కూర్చున్నాను. హ్యోంగ్ జట్టు గెలవాలి, గెలిస్తే అతను సంతోషిస్తాడు, అంతే నా మనసులో ఉన్నది. నన్ను తరిమేసినవాడి సంతోషం కోసం నేనే తప్పుకున్నాను. ఉల్లిగడ్డలు కోస్తున్న అమ్మ మీద ఎందుకు అరిచానా అని అక్కడ కూర్చుని ఏడ్చాను.

జట్టు ఓడిపోయింది.

మర్నాడు పొద్దున తిరిగి వచ్చి, పని అయిందని చెప్పడానికి క్యాబిన్‌కు పోయాను. డ్రైవర్ తాళాలివ్వడానికి నా వెనకే వచ్చాడు. నా అట్ట కుర్చీ వెనకే ఉంది. దాన్నీ తీసుకుపోలేదు, నా చెయ్యి తగిలింది కదా. సూపర్‌వైజర్ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పని గురించి అడగలేదు.

"హుఫూఫ్... ఫోన్... యూ వాచ్?" అన్నాడు.

నేను అతని మొహం చూశాను. హాస్యం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"నో వాచ్. ఫోన్ క్లోజ్. యూ విన్, ఐ వాంట్. సో నో వాచ్" అన్నాను. వచ్చీరాని ఇంగ్లీషులో ఇంతకంటే పెద్ద మాట నేను ఎవరితోనూ అనలేదు.

అతను కనుబొమలు ముడిచాడు. నేను చెప్పిన మాటలో అతనికి ఎక్కింది సగమే. "దెన్ హూ వాచ్?" అన్నాడు. అతని చూపు నన్ను దాటి, తలుపు దగ్గరున్న డ్రైవర్ మీదికి పోయింది. డ్రైవర్ రెండు చేతులూ ఎత్తేశాడు.

అప్పుడు అన్నాను ఆ మాట. "బేషిన్‌జా." అతను పొరపడకుండా వేలు సూటిగా అతని గుండె వైపే చూపించాను.

అర్థమైంది. మొహం జేవురించింది. ల్యాప్‌టాప్ మూసి, నవ్వు తెచ్చుకున్నాడు. పిల్లాడు జట్టు మారినందుకు తలుపేసుకుని ఏడ్చిన మనిషి, నా భుజం మీద చెయ్యి వేసి, "ఓన్లీ గేమ్" అన్నాడు. "ఓన్లీ గేమ్, సదీక్."

సదీక్ అంటే అరబ్బీలో స్నేహితుడు. పేరు తెలియని కూలివాణ్ణి ఎవరైనా ఇక్కడ పిలిచే పిలుపు అది.