నీళ్లలో కడిగిన పొగ

గద్వాల కోట వెనక వీధుల్లో ఏ ఇంట్లో పురుడు జరిగినా మొదట కబురు వెళ్లేది జోగులమ్మకే. పసిపిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. కాళ్లు బారచాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకుని, నూనె రుద్ది, వేడినీళ్లు పోసి, కొబ్బరిచిప్పల నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టిందంటే, ఎంత పేచీకోరు పిల్లయినా నిద్రపోవాల్సిందే. ఆ వీధుల్లో సగం మంది ముక్కులు తాను తీర్చినవేనని ఆమె నమ్మకం. కుదరని ముక్కుల సంగతి ఎత్తితే మాత్రం మాట మార్చేస్తుంది.

కుదిరిన ముక్కుల్లో రాకేష్‌ది ఒకటి. అతను బస్టాండు దగ్గర హుక్కా సెంటర్ పెట్టినప్పుడు, నిప్పులు బాగా చేస్తుందని జోగులమ్మనే పిలిచాడు. అక్కడి పొగ ఆపిల్ పండు వాసన, పుదీనా వాసన. ఇదేం పొగరా అంటే, నీళ్లలోంచి వస్తుంది కాబట్టి దోషమంతా నీళ్లలోనే దిగిపోతుందన్నాడు. జన్మంతా నీళ్లు పోసి శుభ్రం చేసిన మనిషికి ఆ మాట ఇట్టే తలకెక్కింది. బీడీ తాగేవాణ్ని గడప తొక్కనివ్వని జోగులమ్మ, ఆ పొగ మధ్య కూర్చుని కబుర్లు కూడా చెప్పేది.

తర్వాత సర్కారు రాష్ట్రమంతా హుక్కా సెంటర్లను నిషేధించింది. రాకేష్ బోర్డు పీకేశాడు గానీ హుక్కాను వదల్లేదు. జోగులమ్మ ఇంటి వెనక గది ఖాళీగా ఉంది. పసిపిల్లలకు నీళ్లు పోసే ముసలమ్మ ఇంటిని ఎవరు అనుమానిస్తారు? సాయంత్రాలు దోస్తులతో అక్కడ చేరాడు. కడిగిన పొగే కదా అని ఆమె సరేనంది. ఇల్లు సందడిగా ఉందని మురిసిపోయింది కూడా.

ఆ రోజుల్లోనే సుప్రియ కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. బిడ్డ బరువు తక్కువ. సుప్రియకు కూడా చిన్నప్పుడు నీళ్లు పోసింది జోగులమ్మే. ఆమె బిడ్డను కాళ్ల మీద వేసుకుందో లేదో, పాప దగ్గడం మొదలుపెట్టింది. బిడ్డను చూసిపోదామని వచ్చిన నర్సు శ్రీవాణి, జోగులమ్మ చీర వాసన పట్టి ఇదేమిటని అడిగింది. దాచడం తెలియని మనిషి, అంతా చెప్పేసింది.

శ్రీవాణి కసరలేదు. పక్కనే కూర్చుని, నీళ్లు పొగను చల్లబరుస్తాయే గానీ అందులోని విషాన్ని కడగవని, బట్టలకు పట్టిన ఆ పొగ కూడా పసిదాని ఊపిరికి చేటని, ఇకపై సాంబ్రాణి కూడా వేయొద్దని నచ్చజెప్పింది. సుప్రియ తల్లి వచ్చి, మెల్లగా బిడ్డను తీసుకుంది. కోపంగా తీసుకుని ఉంటే జోగులమ్మ తగువుకు దిగేది. సుప్రియ తల్లి చాలా మర్యాదగా తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి వెనక గది నిండా పొగ. జోగులమ్మ హుక్కాను ఎత్తి రాకేష్ చేతిలో పెట్టింది. ఎవరికీ తెలియదులే అని అతను నసిగాడు.

"నిన్ను గీ కాళ్ల మీదనే ఏసుకొని కడిగిన రాకేషూ. నీ పొగతోని గిప్పుడు నా కాళ్ల మీదికి పిల్లను ఇస్తలేరు. జర పోయిరా బిడ్డా," అంది. అతను తల దించుకుని వెళ్లిపోయాడు. దోస్తులు ఎవరి చెప్పులు ఎవరివో కూడా చూసుకోలేదు.

గదికి సున్నం వేసింది, చీరలన్నీ ఉడకబెట్టి ఉతికింది. కబురు మాత్రం రాలేదు. పిలవని ఇంటికి వెళ్లడానికి అభిమానం అడ్డొచ్చింది. ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఒళ్లో బిడ్డ లేని పొద్దు ఎంతకీ గడిచేది కాదు. దిగులేసేది.

ఒక పొద్దున, చెవులకు గుడ్డ కట్టుకుని, బాలింత గడప దాటకూడదన్న మాట పక్కన పెట్టి, సుప్రియే బిడ్డతో వచ్చింది. వంగి జోగులమ్మ కొంగు వాసన చూసింది. సిగ్గుతో జోగులమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి బిడ్డ ఆమె కాళ్ల మీద ఉంది.